గడియసేపు బంగారం

ఫొటోగ్రఫీ పుస్తకాల్లో ‘గోల్డెన్ అవర్’ అనే మాట తరచూ కనిపిస్తుంది. పొద్దు పొడిచాక కాసేపు, పొద్దు గుంకే ముందు కాసేపు నేల మీద పరుచుకునే పసిడి వెలుగుకు పెట్టిన పేరది. పేరులో గంట ఉంది కదా అని సికింద్రాబాద్‌లో ఎవరైనా తాపీగా బయల్దేరితే అంతే సంగతులు. ఆ మాట చక్కగా సరిపోయేది ఉత్తరాన ఉన్న చలి దేశాలకు. అక్కడ సూర్యుడు ఏటవాలుగా, నింపాదిగా పైకి పాకుతాడు. మన దగ్గర దాదాపు నిట్టనిలువుగా లేస్తాడు. ఫొటోగ్రాఫర్లు సాధారణంగా సూర్యుడు ఆరు డిగ్రీల ఎత్తుకు చేరేవరకే ఆ వెలుగును బంగారంగా లెక్కేస్తారు. మార్చి నెలలో లండన్‌లో ఆ ఎత్తుకు చేరడానికి సూర్యుడికి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. సికింద్రాబాద్‌లో 25 నిమిషాలు చాలు. డిసెంబరు, జూన్ నెలల్లో మహా అయితే మరో రెండు మూడు నిమిషాలు.

మన పెద్దల లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు. ఇంగ్లిషు వాళ్లకు అది ‘అవర్’ కావచ్చేమో కానీ, మనకు అచ్చంగా గడియే.

ఆ గడియ కోసం నాలుగింటికి అలారం పెట్టుకునేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. బ్యాంకులో పనిచేస్తూ ఆదివారాలు కెమెరా భుజాన వేసుకునేవాళ్లు కొందరు, పెళ్లిళ్ల ఫొటోలు తీస్తూ మధ్యలో దొరికిన ఖాళీలో కొండలెక్కేవాళ్లు కొందరు. పెళ్లిలో పని తేలిక. పెళ్లికొడుకు తలపాగా పక్కకు జరిగితే ‘బాబూ, కాస్త సరిచేసుకోండి’ అనొచ్చు. తాళి కట్టేటప్పుడు వీడియో వాళ్లు అడ్డొస్తే పురోహితుడే క్షణం ఆగుతాడు. కొండకు ఇటు జరగమని చెప్పలేరు. మబ్బును ఆగమని అడగలేరు. ప్రకృతి ఫొటోగ్రాఫర్ చేతిలో ఉన్నవి రెండే... తను నిలబడే చోటు, తను అక్కడికి చేరే వేళ. ఆ రెంటినీ ముందే తేల్చుకోవడంలోనే అతని పనంతా ఉంది. బటన్ నొక్కడం ఆఖరి మెట్టు మాత్రమే.

ఇంతకీ ఆ వేళకు ఎందుకంత విలువ? సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు వెలుగు మన గాలి పొరను అడ్డదారిన, సూటిగా దాటి వస్తుంది. అదే నేల అంచున ఉన్నప్పుడు దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిని చీల్చుకుని రావాలి. ఆ దారిలో నీలం రంగు చెల్లాచెదురైపోతుంది. పసుపు, నారింజ, ఎరుపు మిగులుతాయి. రంగు ఒక్కటే కాదు, నీడలూ ముఖ్యమే. వాలుగా పడే వెలుగులో రాతి మీది ప్రతి గరుకూ, దుక్కిలోని ప్రతి చాలూ విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం అదే చోటు చదునుగా, అట్టముక్కలా ఉంటుంది. ఏడాదిలో రెండు రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడే ఉండదు. పిల్లలకది వింత. ఫొటోగ్రాఫర్‌కు మాత్రం ఆ పూట కెమెరా బ్యాగు అటక మీద ఉన్నా ఒకటే.

ఈ లెక్కలను కార్ఖానా నుంచి చూస్తే మరింత సరదాగా ఉంటుంది. ఉర్దూలో కార్ఖానా అంటే సరుకు తయారయ్యే చోటు. 1806లో నిజాం సికందర్ జా పేరు మీద సికింద్రాబాద్ అయిన కంటోన్మెంట్‌లో ఇదొక పేట. ఇటు పికెట్, అటు తిరుమలగిరి, మధ్యలోంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి. ఇక్కడి నుంచి సరిగ్గా తూర్పుకు తిరిగి, కాస్త కుడివైపుకు చూస్తే ఆరేడు కిలోమీటర్ల దూరంలో మౌలాలి కొండ. నెత్తి మీద దర్గా, పాదం దగ్గర మహ్ లఖా బాయి చందా సమాధి, నడుమంతా బోడి రాయి. చుట్టూ అడ్డంలేని మేడ ఒకటి దొరకాలే గానీ, సూర్యోదయాలకు అంతకన్నా మంచి తెర లేదు.

కాకపోతే సూర్యుడు రోజూ అక్కడే పొడవడు. ఇది ఇంట్లో పిల్లలతో కలిసి చేసి చూడొచ్చు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో ఇంచుమించు పది డిగ్రీలు. డిసెంబరు 21 ప్రాంతంలో సూర్యుడు ఉదయించే చోటికీ, జూన్ 21 ప్రాంతంలో ఉదయించే చోటికీ మధ్య మన ఊళ్లో దాదాపు అయిదు పిడికిళ్ల దూరం ఉంటుంది. ఆర్నెల్లు అటు, ఆర్నెల్లు ఇటు జరుగుతూ ఉంటాడన్నమాట. కార్ఖానా మేడల మీద నుంచి చూసేవారికి మౌలాలి కొండ వెనక నుంచి సూర్యుడు వచ్చేది అక్టోబరులో కొన్నాళ్లు, మళ్లీ ఫిబ్రవరి ఆఖరు, మార్చి మొదటి రోజుల్లో కొన్నాళ్లు. వీధి మారితే తేదీ మారుతుంది. నాలుగు రోజులు ఆలస్యమైతే సూర్యుడు కొండను వదిలేసి ఎవరి వాటర్ ట్యాంకు వెనక నుంచో వస్తాడు. మళ్లీ నెలల తరబడి కాచుకోవాల్సిందే.

ఇందులో అక్టోబరుకే ఓటెక్కువ. వానలు వెళ్లిపోతూ గాలిని కడిగి వెళ్తాయి. దూరపు కొండ దగ్గరికొచ్చినట్టు కనిపిస్తుంది. మిగిలిన తునక మబ్బులకు కింది నుంచి రంగు పడుతుంది. ఫిబ్రవరి, మార్చికల్లా గాలిలో దుమ్ము చేరుతుంది. సూర్యుడు ఎర్రగా, గుండ్రంగా, చూపు నిలిపేంత మెత్తగా ఉంటాడు కానీ కొండ మాత్రం బూడిద రంగు మచ్చలా కనిపిస్తుంది. రెండింటికీ అభిమానులున్నారు.

కార్ఖానాలో ఇంకో చిత్రమైన చిక్కుంది. ఊరంతా కాంక్రీటు అవుతుంటే పెద్ద పెద్ద మర్రిచెట్లు, విశాలమైన మైదానాలు, తలెత్తితే తెరిపిగా ఆకాశం మిగిలింది కంటోన్మెంట్‌లోనే. కానీ వాటిలో చాలా భాగం సైన్యం గోడల వెనక ఉంది. ‘ఫొటోలు తీయడం నిషేధం’ అన్న బోర్డు ఎటు చూసినా కనిపిస్తుంది. డ్రోన్ ఎగరేద్దామంటే ఒకపక్క బేగంపేట, మరోపక్క హకీంపేట విమానాశ్రయాలు. ఇక్కడి ఫొటోగ్రాఫర్‌కు కంటి ముందు కనిపించే మంచి దృశ్యాల్లో సగం తీయకూడనివే. అందుకే తెల్లవారకముందే బండి తీసి ఉత్తరానికి తిప్పుతారు. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారం, హకీంపేట, తూంకుంట దాటితే శామీర్‌పేట చెరువు. చలికాలంలో రాత్రంతా గాలి చల్లబడినా నీళ్లు అంత త్వరగా చల్లారవు. ఆ వెచ్చటి నీటి మీద చల్లటి గాలి తగిలి పొగలా మంచు లేస్తుంది. దాని వెనక నుంచి సూర్యుడు వచ్చేసరికి చెరువు అంచున బండలు, తాటిచెట్లు ఒక్కొక్కటే బయటపడతాయి. జనవరి ఆఖర్లో సూర్యోదయం 6.49 ప్రాంతంలో అవుతుంది కాబట్టి కాస్త నిద్ర దక్కుతుంది. అదే జూన్ మొదట్లో 5.41కే పొద్దు పొడుస్తుంది. పొద్దు పొడవడానికి అరగంట ముందు నుంచే తూర్పున రంగులు మొదలవుతాయి కనుక, ఆ లోపే ట్రైపాడ్ నిలబెట్టుకుని సిద్ధంగా ఉండాలి.

సికింద్రాబాద్‌లో వెలుగు వెనక పరుగులు ఈనాటివి కావు. భారతీయ ఫొటోగ్రఫీకి పెద్దదిక్కు అనదగిన లాలా దీన్‌దయాళ్ 1886లో స్టూడియో తెరిచింది ఇక్కడే. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, 1866లో ఇండోర్‌లో ప్రజాపనుల శాఖలో చేరారు. కొలతలు, నక్షాలు, ఎస్టిమేట్లు ఆయన ఉద్యోగం. 1874లో కెమెరా చేతపట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాక దర్బారులు, వేటలు, నవాబుల కుటుంబాల ఫొటోలతోనే ఆయన పేరు మోగింది. ‘రాజా ముసవ్విర్ జంగ్’ అన్న బిరుదూ నిజాం ఇచ్చిందే. కానీ అంతకు ముందు ఆయన తిరిగింది కొండలు, కోటలు, పాడుబడ్డ గుళ్ల వెంట. సర్ లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి బుందేల్‌ఖండ్ అంతా తిరిగి తీసిన 86 ఫొటోలు ‘ఫేమస్ మాన్యుమెంట్స్ ఆఫ్ సెంట్రల్ ఇండియా’ పేరుతో 1886లో పుస్తకంగా వచ్చాయి. బహుశా ఆ నక్షాల ఉద్యోగమే ఆయనకు ఎక్కడ నిలబడాలో నేర్పి ఉంటుంది.

దీన్‌దయాళ్ కెమెరా పట్టేనాటికి వాడుకలో ఉన్నది తడి ప్లేటు పద్ధతి. అద్దం పలకకు కొల్లోడియన్ అనే జిగురు పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, ఆ తడి ఆరకముందే ఫొటో తీయాలి. ఆరకముందే కడగాలి కూడా. మొత్తం పది, పదిహేను నిమిషాల వ్యవహారం. మన ఎండల్లో అదీ ఉండదు. అంటే కొండ దగ్గరికి కెమెరాతో పాటు చీకటి గుడారం, రసాయనాల సీసాలు, నీళ్ల కుండలు, అద్దాల పెట్టెలు, వాటిని మోసే మనుషులు అందరూ కదలాలి. 1880 తర్వాత ఫ్యాక్టరీలో తయారైన పొడి ప్లేట్లు వచ్చి ఈ తిప్పలు తగ్గాయి. ఇప్పుడు జేబులో ఫోనుతో రోజుకు వంద సూర్యోదయాలు తీసేవారు ఆ అద్దాల పెట్టెను ఒకసారి ఊహించుకోవాలి.

ఆనాటి దృశ్యాలను పరికించి చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. చాలా వాటిలో ఆకాశం ఉత్త తెల్ల కాగితంలా ఉంటుంది. ఆ రోజు మబ్బుల్లేక కాదు. ఆనాటి ప్లేట్లకు నీలం రంగంటే మహా చురుకు. నేల మీది చెట్టూ చేమా సరిగ్గా పడేంతసేపు ఉంచితే నీలాకాశం, తెల్ల మబ్బు రెండూ ఒకే రకంగా మాడిపోయి తెల్లగా తేలేవి. ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల గ్రే 1850లలో దీనికో ఉపాయం కనిపెట్టారు. సముద్రానికి ఒక ప్లేటు, ఆకాశానికి ఇంకో ప్లేటు వేరుగా తీసి, రెంటినీ ఒకే కాగితం మీద అచ్చువేశారు. కంప్యూటర్‌లో ఆకాశాన్ని మార్చేస్తున్నారని ఈ కాలం కుర్రాళ్ల మీద విసుక్కునేవారు ఈ ముచ్చట కూడా గుర్తుంచుకుంటే మంచిది. అయితే ఒక తేడా ఉంది. ల గ్రే తీయలేనిదాన్ని చేర్చారు. నేటివాళ్లు చాలాసార్లు కాచుకోలేనిదాన్ని చేరుస్తున్నారు.

ఫిల్ము రోజుల్లో కాచుకోవడం తప్పనిసరి. రీలుకు 36 ఫొటోలు. ఒక్కోటీ డబ్బే. కడిగించి చూసేదాకా పడిందో లేదో తెలీదు. కోరుట్లలో పుట్టి, హైదరాబాద్‌లో ఎందరికో ఫొటోగ్రఫీ నేర్పిన బండి రాజన్‌బాబు (1939-2011) తరం వాళ్లంతా ఆ క్రమశిక్షణలో పెరిగినవాళ్లే. బటన్ మీద వేలు పెట్టేముందు మనసులో ఫొటో అచ్చయిపోవాలి.

ఆ కాచుకోవడంలో మన పంచాంగం ఎంత పనికొస్తుందో చాలామందికి తెలీదు. చంద్రుణ్ని ఫొటో తీయాలంటే అందరూ పౌర్ణమి నాడు బయల్దేరతారు. ఆ రోజు చంద్రుడు ఇంచుమించు సూర్యాస్తమయం వేళకే లేస్తాడు. అతను చెట్ల పైకి వచ్చేసరికి నేల చీకటైపోతుంది. నేల కనపడేలా తీస్తే చంద్రుడు తెల్ల బొట్టుబిళ్లలా మాడిపోతాడు, చంద్రుడికి సరిపడా తీస్తే నేల మసి. అదే ముందురోజు, చతుర్దశి నాడు, చంద్రుడు దాదాపు 50 నిమిషాలు ముందే లేస్తాడు. సూర్యుడు దిగే వేళకు తను గుట్ట పైన ఉంటాడు. పడమటి నుంచి వచ్చే ఆఖరి బంగారు వెలుగు నేల మీద, తూర్పున చంద్రుడు... రెండూ ఒకే ఫొటోలో ఇమిడిపోతాయి. ఇంకో కిటుకు కూడా ఉంది. పౌర్ణమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు కాబట్టి సూర్యుడు దక్షిణానికి వాలిన చలికాలంలో తను ఉత్తరానికి జరిగి ఉదయిస్తాడు. అక్టోబరులో సూర్యుడు మౌలాలి కొండ వెనక నుంచి వస్తే, ఏప్రిల్‌లో చైత్ర పౌర్ణమి ప్రాంతపు చంద్రుడు కాస్త అటూ ఇటూగా అదే దిక్కున లేస్తాడు. సూర్యుడి గడువు దాటిపోయినవారికి ఇది రెండో అవకాశం.

చంద్రుడూ, ఆఖరి వెలుగూ ఒకే ఫొటోలో పడటం గురించి మాట్లాడితే ఆన్సెల్ ఆడమ్స్ దగ్గర ఆగాల్సిందే. 1941లో ఆ అమెరికన్ ఫొటోగ్రాఫర్ న్యూ మెక్సికోలో పగలంతా తిరిగి, తృప్తిగా ఏమీ దొరక్క కారులో సాంటా ఫేకు తిరిగొస్తున్నారు. వెంట ఎనిమిదేళ్ల కొడుకు, ఒక మిత్రుడు. హెర్నాండెజ్ అనే చిన్న ఊరి దగ్గర చూస్తే తూర్పున మంచు కొండల మీద చంద్రుడు, కింద చర్చి, దాని పక్కన సమాధుల మీది తెల్ల శిలువలు. వాటి మీద పడమటి నుంచి వచ్చే చివరి వెలుగు. కారు ఆపి, పెద్ద కెమెరా బిగించమని తోటివాళ్లను తొందరపెట్టారు. తీరా చూస్తే వెలుగు కొలిచే మీటరు కనిపించలేదు. వెతకడానికి సమయం లేదు. అప్పుడు ఆయనకు చంద్రుడి ప్రకాశం ఎంతో గుర్తొచ్చింది... చదరపు అడుగుకు 250 క్యాండిళ్లు. ఆ అంకె నుంచి మనసులోనే లెక్క కట్టి ఒక్క ఫొటో తీశారు. ఎందుకైనా మంచిదని రెండోది తీద్దామని ప్లేటు హోల్డరు తిప్పేలోపు శిలువల మీద వెలుగు పోయింది. అంతే. ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్’ అనే ఆ ఫొటో నెగటివ్ ప్రపంచంలో ఒకటే ఉంది. దాన్నుంచి తీసిన ఒక ప్రింటు 2006లో వేలంలో ఆరు లక్షల డాలర్లు దాటింది.

అదృష్టమని కొట్టిపారేయొచ్చు. దారిన పోతుంటే చంద్రుడు కనపడటం అదృష్టమే. కానీ చంద్రుడి ప్రకాశం అంకెగా నోటికి వచ్చి ఉండటం అదృష్టం కాదు.

ఈ కథకు సరదా అయిన కొసమెరుపు ఉంది. ఆడమ్స్ తేదీలు రాసుకోవడంలో మహా బద్ధకస్తుడు. ఆ ఫొటో ఏ ఏడాది తీశారో ఆయనే ఒక్కోచోట ఒక్కోలా చెప్పేవారు. చివరకు ఖగోళ శాస్త్రం తెలిసినవాళ్లు ఫొటోలో చంద్రుడి చోటును, కొండల ఎత్తును కొలిచి లెక్కగట్టారు. డేవిడ్ ఎల్మోర్ 1941 అక్టోబరు 31 అన్నారు. తర్వాత 1991లో డెనిస్ డి సికో మళ్లీ కొలిచి, కెమెరా పెట్టిన చోటును సరిగ్గా పట్టుకుని, నవంబరు 1 సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లని తేల్చారు. మనిషి మరిచిపోయిన వేళను చంద్రుడు దాచిపెట్టాడన్నమాట.

ఇంద్రధనుస్సుకూ ఇలాంటి నియమమే ఉంది. అది ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కునే, సూర్యుడికి ఎదురు బిందువు చుట్టూ 42 డిగ్రీల వలయంగా పడుతుంది. సూర్యుడు 42 డిగ్రీల కన్నా ఎత్తులో ఉంటే నేల మీద నిలబడ్డవాళ్లకు కనపడనే కనపడదు. అంటే ఉదయం పడమర వైపు, సాయంత్రం తూర్పు వైపు చూడాలి. మనం కదిలితే అదీ మనతో కదులుతుంది. 1981లో టిబెట్‌లోని లాసాలో గేలన్ రోవెల్ ఇంద్రధనుస్సును చూసిన చోటే నిలబడి తీసేసుకోలేదు. పొటాలా ప్యాలెస్ మీద దాని కొస దిగేదాకా, 12 వేల అడుగుల ఎత్తులో, గాలి చాలని చోట పరుగెత్తారు. ఎటు పరుగెత్తాలో తెలియడమే అక్కడి విద్య.

ఇంతవరకూ చెప్పుకున్నదంతా వెలుగు గురించి. అది పోతే పోయింది, రేపు మళ్లీ వస్తుంది. రేపు కాకపోతే వచ్చే అక్టోబరుకు వస్తుంది. హైదరాబాద్, సికింద్రాబాద్‌ల ఫొటోగ్రాఫర్లను వేధిస్తున్నది వేరే సంగతి. వెలుగు తిరిగొచ్చేసరికి అది పడాల్సిన బండ ఉండటం లేదు.

మన దక్కను గ్రానైటు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది. భూమి లోపల గట్టిపడి, పైనున్న పొరలు కొట్టుకుపోయాక బయటపడి, పగుళ్ల వెంట నీరు చేరి, అంచులు కరిగి గుండ్రనై, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డాయి. వాటిలోని గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ ఖనిజం పొద్దుటి వెలుగు తగలగానే తేనె రంగుకు తిరుగుతుంది. వాన పడితే నల్లబడి, గుంటల్లో నిలిచిన నీళ్లలో ఆకాశాన్ని చూపిస్తుంది. ఇలాంటి బండలు బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నిండా ఉండేవి. డైనమైట్లకు, కంకర మరలకు చాలావరకు బలైపోయాయి. మిగిలినవాటినైనా కాపాడాలని 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. దానికి అధ్యక్షుడిగా ఉన్న చరిత్రకారుడు, ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్ (2021లో కన్నుమూశారు) రాళ్ల మీద ‘రాకుమెంటరీ’ అనే డాక్యుమెంటరీ తీశారు. బంజారాహిల్స్‌లో ఇల్లు కట్టుకునేటప్పుడు స్థలంలోని బండను పగలగొట్టించకుండా ఇంట్లోనే ఉంచేసుకున్నారు. వాళ్ల ప్రయత్నాలతో కొన్ని శిలలు వారసత్వ జాబితాలోకి ఎక్కాయి. జాబితాకెక్కనివి ఎక్కువ.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర పుట్టగొడుగు ఆకారంలో ‘మష్రూమ్ రాక్’ ఒకటుంది. ఆదివారాలు దాని కోసమే కెమెరాలు మోసుకెళ్లే బృందాలుండేవి. 2025 మార్చి ఆఖర్లో ఆ పక్కనే కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్ల నరికివేత మొదలైనప్పుడు, విద్యార్థుల ఆందోళనతో పాటు దేశమంతా తిరిగినవి అక్కడి ఫొటోలే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. మంచు తెరల్లో బండ అందంగా ఉందని సరదాగా తీసుకున్న ఫొటో, అక్కడ ఏముండేదో చెప్పే ఆధారమైపోయింది.

మనందరి ఇళ్లలోకీ వచ్చిన ఒక ఫొటో కూడా ఇలాంటిదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్ తెరిస్తే కనపడే పచ్చటి గుట్ట, నీలాకాశం, తెల్ల మబ్బులు. చాలామంది అది కంప్యూటర్‌లో గీసిన బొమ్మ అనుకున్నారు. కాదు. 1996 జనవరిలో, వాన వెలిసిన పూట కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ కారులో వెళ్తూ, దారిపక్కన ఆపి తీసిన ఫిల్ము ఫొటో అది. నిజానికి అవి ద్రాక్ష తోటల గుట్టలు. వేళ్లను తినేసే ఫిలాక్సెరా పురుగు పట్టి తోటలు పీకేయడంతో ఆ కొన్నాళ్లు ఉత్త గడ్డి మొలిచింది. తర్వాత మళ్లీ ద్రాక్ష వేశారు. ఆ గుట్ట అలా కనిపించింది ఆ కాస్త కాలమే. కోట్ల మంది రోజూ చూసిన ఆ దృశ్యం కోసం వెళ్లినవారికి అక్కడ ఎదురయ్యేది పందిళ్ల వరసలు.

కార్ఖానా కూడా మారే దారిలోనే ఉంది. రాజీవ్ రహదారి మీద ట్రాఫిక్ కష్టాలు తీర్చేందుకు శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. ఆ రోడ్డు మీద గంటల తరబడి ఇరుక్కున్న ఎవరూ దాన్ని వద్దనరు, తెల్లవారుజామున శామీర్‌పేటకు పరుగెత్తే ఫొటోగ్రాఫర్లతో సహా. కాకపోతే రోడ్డు మీద నిలబడి చూసే ఆకాశం ఇకపై రెండు ముక్కలవుతుంది. తెలివైనవాళ్లు ఇప్పటినుంచే ఒక పని చేస్తున్నారు. ఒకే మేడ, ఒకే మూల, ఒకే లెన్సు పెట్టుకుని నెలకోసారి ఒకే దిక్కుకు తిరిగి ఫొటో తీసి తేదీ రాసి పెట్టుకుంటున్నారు. అవార్డు కోసం కాదు. దీన్‌దయాళ్ స్టూడియో తాలూకు 2,857 గాజు నెగటివ్‌లను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం తీసుకుంది. వాటిలో ఫొటోగ్రాఫర్ కావాలని తీసిన నవాబులతో పాటు, అనుకోకుండా వాళ్ల వెనక పడిన చెట్లు, గోడలు, ఖాళీ మైదానాల కోసం కూడా ఇవాళ వెతికేవాళ్లున్నారు.

ఆ మేడ మీది వ్యవహారంలో పెద్ద ఖర్చేమీ లేదు. మంచి ఫోను చాలు, పిట్టగోడ మీద కదలకుండా పెడితే ట్రైపాడ్ కూడా అక్కర్లేదు. ఏ ఇంట్లోనైనా పిల్లలు చేయొచ్చు. తేదీ, టైము మాత్రం ఆడమ్స్‌లా వదిలేయకుండా రాసుకోవాలి. అక్టోబరు రెండో వారం నుంచి మౌలాలి వైపు చూస్తూ ఉంటే, ఏదో ఒక రోజు దర్గా పక్క నుంచి సూర్యుడు తొంగిచూస్తాడు. ఆ రోజు మబ్బు పట్టొచ్చు. అప్పుడు కిందికి దిగొచ్చి టీ తాగి, ఫిబ్రవరి ఆఖరి వారానికి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవడమే.